పుల్లలా, చెంచానా, చెయ్యా? చైనా భోజనం ముందు కూర్చున్నప్పుడు

(చైనాలో వైద్యవిద్యకు వెళ్తున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం గుంటూరులో ఏర్పాటైన సమావేశంలో, అక్కడ చదివి వచ్చిన ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వీసా గురించి, ఫీజుల గురించి, చలికోట్ల గురించి ఇందాక పెద్దలు చెప్పారు. నేను భోజనం గురించి మాట్లాడతానని అడిగి మరీ ఈ అరగంట తీసుకున్నాను. షియాన్‌లో నేను చదువుకున్న రోజుల్లోనూ, ఆ తర్వాత మా జూనియర్ల విషయంలోనూ ఒకటే చూశాను. మొదటి నెలలో పిల్లలు చిక్కిపోయేది అక్కడి వంట నచ్చక మాత్రమే కాదు, నలుగురి ముందు ఎలా తినాలో తెలియక. క్యాంటీన్‌లో ట్రే పట్టుకుని నిలబడి, చాప్‌స్టిక్స్, అదే తినే పుల్లలు, పెట్టిన డబ్బా వంక చూసి, బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని రూముకి వెళ్లిపోయిన పిల్లలు నాకు తెలుసు. మొదటి వారం నేనూ అదే చేశాను.

ఆకలి ఆగక ఒక పొద్దున్న క్యాంటీన్‌కి వెళ్లాను. పెద్ద స్టీలు గంగాళంలో పసుపు రంగు జావ ఉంది. వడ్డించే ఆవిడ గరిటెతో గిన్నెలో పోసి ఇచ్చింది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, అది కొర్రజావ. ఉప్పు లేదు, మజ్జిగ లేదు, కానీ కొర్రల రుచి కొర్రల రుచే కదా. మా నాయనమ్మ కాచేది. అప్పుడు కొంచెం స్థిమితపడి చుట్టూ చూశాను. ఒకబ్బాయి గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని జావ తాగుతున్నాడు. ఒకమ్మాయి చెంచాతో తింటోంది. ఆ పక్కన ఒక పెద్దాయన ఆవిరి మీద ఉడికించిన తెల్లటి రొట్టెను చేత్తో తుంచుకుని తింటున్నాడు. చాప్‌స్టిక్స్ అందరి దగ్గరా ఉన్నాయి, ఊరబెట్టిన కూరముక్కలు అందుకోవడానికి. ఒక్క పూట టిఫిన్‌కే ఇన్ని రకాలుగా తింటున్నారు. చైనా భోజనం అంటే చాప్‌స్టిక్స్ అని మనసులో గట్టిగా రాసుకుని వెళ్లిన నాకు అది మొదటి పాఠం.

ఆ తర్వాత దీని గురించి చదవడం మొదలుపెట్టాను. కొర్రలు, వరిగలు ఈ రెండూ వేల ఏళ్ల కిందట ఉత్తర చైనాలో సాగులోకి వచ్చిన పంటలు. షియాన్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. అక్కడి పాతకాలపు అన్నం అంటే వరి కాదు, ఇవే. కొర్రన్నం, కొర్రజావ తినడానికి రెండు పుల్లలు ఏం పనికొస్తాయి? అందుకే ఆ రోజుల్లో ముఖ్యమైన సాధనం చెంచా. పుల్లలు వేరే పనికి. ఆన్‌యాంగ్ దగ్గర, షాంగ్ రాజుల కాలపు తవ్వకాల్లో, సుమారు 3200 ఏళ్ల నాటి కంచు చాప్‌స్టిక్స్ దొరికాయి. వాటితో అన్నం తిన్నారని ఎవరూ అనుకోవడం లేదు. మరిగే కుండలోంచి ముక్కలు తీయడానికి వాడి ఉంటారు, మన వంటింట్లో పట్టుకారు లాగా.

ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. చైనావాళ్ల ప్రాచీన ఆచారాల గ్రంథం ఒకటుంది, లీ జీ అంటారు. సుమారు 2 వేల ఏళ్ల కిందట కూర్చినది. అందులో నలుగురితో కలిసి తినేటప్పుడు ఎలా ఉండాలో రాశారు. చేతులు శుభ్రంగా ఉండాలి. అన్నాన్ని ముద్దలు చేయకూడదు. వరిగన్నానికి పుల్లలు వాడకూడదు. పులుసులో కూరముక్కలుంటే పుల్లలు వాడాలి, లేకపోతే అక్కర్లేదు. ముద్దలు చేయొద్దని రాశారంటే ఏమిటి అర్థం? చేసేవాళ్లు ఉన్నారనే కదా. ఒకే పాత్రలోంచి అందరూ తీసుకుంటున్నప్పుడు పెద్ద ముద్ద చేసుకుంటే పక్కవాడి వాటా కూడా లాక్కున్నట్టవుతుంది, అందుకని వద్దన్నారు. అంటే ఆ కాలంలో వాళ్లూ చేత్తో తిన్నారు. చేతికి, చెంచాకి, పుల్లలకి అప్పుడే పనులు పంచి పెట్టుకున్నారు. తినే పదార్థాన్ని బట్టి సాధనం. నేను ఈ రోజు మీకు చెప్పదలుచుకున్నది కూడా అదే.

మరి పుల్లలు ఇంతగా ఎలా పైకి వచ్చాయి? గోధుమపిండి వల్ల. సుమారు 2 వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలం నుంచి గోధుమల్ని పిండి ఆడించి నూడుల్స్, కుడుములు చేసుకోవడం పెరిగింది. పొడుగాటి నూడుల్స్‌ని వేడి పులుసులోంచి పట్టి తీయాలంటే పుల్లల్ని మించినవి లేవు. నూడుల్స్ అంతకన్నా పాతవేననుకోండి. చింగ్‌హాయ్ రాష్ట్రంలో లాజియా అనే చోట, బోర్లా పడిపోయిన ఒక మట్టిగిన్నె కింద 4 వేల ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయని 2005లో ప్రకటించారు. అవి కొర్రలు, వరిగల పిండితో చేసినవని ఆ శాస్త్రజ్ఞులు తేల్చారు. కానీ ఇంటింటికీ నూడుల్స్ చేరింది గోధుమతోనే. రానురాను పుల్లలు అన్నానికీ వచ్చాయి, చెంచా పులుసుకి పరిమితమైంది. కొరియాలో మాత్రం ఇప్పటికీ అన్నం చెంచాతోనే తింటారు.

సరే, చరిత్ర చాలు. మీ ముందుకు వచ్చే పళ్లెం దగ్గరికి వద్దాం.

షియాన్‌లో ఒక వంటకం ఉంది, పావ్‌మో అంటారు. ఆ ఊరికి వెళ్లినవాళ్లు తినకుండా రారు. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చెయ్యి, పుల్లలు రెండూ ఒకే గిన్నెలో పనిచేస్తాయి. కూర్చోగానే మీ ముందు ఒక పెద్ద ఖాళీ గిన్నె, అరచేయంత గట్టి రొట్టెలు ఒకటో రెండో పెడతారు. ఆ రొట్టె సగమే కాలి ఉంటుంది. అది మీరు చేత్తో తుంచాలి. తుంచడమంటే మనం చపాతీ తుంచినట్టు కాదు. ఒక్కొక్క ముక్క సోయా గింజంత అయ్యేదాకా గిల్లుతూ ఉండాలి. మొదటిసారి నాకు ముప్పావు గంట పట్టింది. బొటనవేలి గోరు నొప్పి పుట్టింది. నా పక్క టేబుల్ దగ్గర ఒక తాతగారు, ఇద్దరు స్నేహితులు కబుర్లు చెప్పుకుంటూ, గిన్నె వంక చూడకుండానే గిల్లుతున్నారు. మన ఇళ్లల్లో సాయంత్రం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తారు చూశారా, అచ్చం అలా. నేను పెద్ద ముక్కలు వేస్తుంటే ఆయన నా గిన్నెలో చెయ్యి చూపించి, తన గిన్నెలో ముక్క ఒకటి తీసి వేలి మీద పెట్టి చూపించారు. ఇంత ఉండాలి, అని. ముక్క పెద్దదైతే లోపలికి రసం పట్టదు.

తుంచడం అయ్యాక ఆ గిన్నెను ఒక నంబరు బిళ్లతో సహా లోపలికి తీసుకెళ్తారు. వంటవాడు మటన్ రసం, మాంసం, సన్నటి సేమ్యా లాంటి గాజు నూడుల్స్ వేసి ఉడికించి, మీ గిన్నె మీకే తెచ్చిస్తాడు. మీరు తుంచిన రొట్టె మీకే రావాలి, అందుకే ఆ బిళ్ల. ఇప్పుడు చాప్‌స్టిక్స్ తీసుకోవాలి. అన్నీ కలిపెయ్యకూడదు. గిన్నె అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక పక్కనుంచి కొంచెం కొంచెంగా తినుకుంటూ రావాలి. కలిపితే వేడి పోతుంది, రొట్టె మెత్తబడి ముద్దవుతుంది. పక్కన తీపిగా ఊరబెట్టిన వెల్లుల్లి, కారం ముద్ద పెడతారు. మన పిల్లలకి ఆ కారం చూడగానే ప్రాణం లేచి వస్తుంది. అదే పావ్‌మో బీఫ్‌తో కూడా చేస్తారు కాబట్టి, తినని వాళ్లు ముందే అడగండి.

అదే ఊళ్లో రౌజియామో అని, రొట్టె చీల్చి లోపల మాంసం కూరి ఇస్తారు. అది చేత్తోనే. బెల్టంత వెడల్పు నూడుల్స్, బియాంగ్‌బియాంగ్ అంటారు, అవి చాప్‌స్టిక్స్‌తోనే. నూడుల్స్‌ని కత్తితో, ఫోర్క్‌తో తెంపకండి. పుట్టినరోజుకి వాళ్లు నూడుల్స్ తింటారు, ఆ పొడుగు ఆయుష్షుకి గుర్తు. పీకింగ్ బాతు మాంసాన్ని పల్చటి రొట్టెలో చుట్టుకుని తింటారు. ముక్కల్ని పుల్లలతో రొట్టె మీద పెట్టుకుని, చుట్టాక చేత్తో పట్టుకుంటారు.

రసం నింపిన ఆవిరి కుడుముల గురించి మాత్రం జాగ్రత్త చెప్పాలి, వైద్యురాలిగా కూడా చెబుతున్నాను. చల్లార్చి గడ్డకట్టించిన మాంసం రసాన్ని పిండిలో మూసి ఉడికిస్తారు. ఆవిరికి అది కరిగి లోపల సలసల కాగుతూ ఉంటుంది. అలాంటిదాన్ని మొత్తంగా నోట్లో వేసుకుంటే అంగిలి కాలుతుంది. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి రెండు రోజులు అన్నం తినలేకపోయింది. పుల్లలతో కుడుమును పైన మడతల దగ్గర మెల్లగా పట్టి, ఇంకో చేతిలో ఉన్న పింగాణీ చెంచాలో దించాలి. అంచున చిన్న చిల్లు కొరికి, ఊది, రసం తాగి, తర్వాత మిగతాది తినాలి. అక్కడి చెంచాకి అడుగు చదునుగా, అంచు లోతుగా ఉంటుంది చూడండి, ఇలాంటి పనికి అది ఎంతో వీలు. కుడిచేతిలో పుల్లలు, ఎడమచేతిలో చెంచా. పులుసు నూడుల్స్‌కి కూడా ఇదే పద్ధతి.

ఇక అన్నం. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ కష్టపడతారు. ఒక్కొక్క మెతుకూ పుల్లలతో ఏరుకోవాలనుకుంటారు. అలా ఎవరూ తినరు. అన్నం చిన్న గిన్నెలో వస్తుంది. గిన్నెను ఎడమచేత్తో ఎత్తి, పెదవి దగ్గరికి తెచ్చి, పుల్లలతో లోపలికి తోసుకుంటారు. వాళ్ల బియ్యం పొట్టిగా, కాస్త జిగురుగా ఉంటుంది కాబట్టి నాలుగు మెతుకులు కలిసి వస్తాయి. మనకి ఎడమచెయ్యి తినే గిన్నెకి తగలడమే ఇబ్బంది. గిన్నె ఎత్తడం మన దగ్గర మర్యాదా కాదు. నాకు ఆరు నెలలు పట్టింది అలవాటు కావడానికి. కానీ అక్కడ గిన్నె బల్ల మీదే ఉంచి తల వంచి తింటే తప్పుగా చూస్తారు. పక్కనున్న కొరియాకి వెళ్తే గిన్నె ఎత్తడమే తప్పు. ఇది మంచీ చెడూ అని తేల్చేది కాదు, ఏ ఇంట్లో ఏది మర్యాదో అది.

అన్నం ప్లేటులో వచ్చిందనుకోండి, చెంచా తీసుకోండి. ఫ్రైడ్ రైస్ గానీ, కూర పైన పోసి ఇచ్చే అన్నం గానీ చైనావాళ్లే చాలామంది చెంచాతో తింటారు. చెంచాని షావ్‌జి అంటారు. ఆ మాట ఒకటి నేర్చుకోండి, సిగ్గుపడకుండా అడగండి. తల్లులకి నా మనవి, ఊరగాయ డబ్బాల మధ్య ఒక గట్టి స్టీలు చెంచా పెట్టండి. ఫోర్క్ అక్కర్లేదు, దానితో పులుసూ రాదు, సోయా పనీర్ లాంటి మెత్తని టోఫూ పగిలిపోతుంది.

మన ఊళ్లో బండి మీద ఫ్రైడ్ రైస్‌కి స్పూన్ ఇస్తారు. అది సరైనదే. సోనా మసూరి అన్నాన్ని చల్లార్చి, పొడిపొడిగా వేయించి, నూడుల్స్‌ని కూడా కడాయిలో గరిటెతో కొట్టి కొట్టి ముక్కలు చేసి ఇస్తారు. దానికి చాప్‌స్టిక్స్ పెట్టడం పెద్ద హోటళ్ల అలంకారం. కోల్‌కతాలోని టాంగ్రాలో స్థిరపడిన హక్కా చైనీయుల వంట మన అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చితో కలిసి మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. దాని సాధనం కూడా దానితోపాటే మారింది. మంచూరియాకి టూత్‌పిక్ గుచ్చి తినడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఈ రుచి అక్కడ దొరుకుతుందని మాత్రం వెళ్లకండి.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. ఎంగిలి.

అక్కడ కూరలన్నీ బల్ల మధ్యలో ఉంటాయి. అందరూ తమ తమ పుల్లలతో అందులోంచే తీసుకుంటారు. ఆ పుల్లలే నోట్లోకి వెళ్తాయి, మళ్లీ కూరలోకి వస్తాయి. ఇది చూసి మన పిల్లలకి కడుపులో తిప్పుతుంది. నాకూ తిప్పింది. రెండో ఏడాది వసంత పండుగకి, అంటే చైనా కొత్త సంవత్సరానికి, మా రూమ్మేట్ వాళ్ల ఊరు తీసుకెళ్లింది. వాళ్ల అమ్మమ్మకి 80 ఏళ్లు దాటాయి. నేను మొహమాటంతో తినడం లేదని ఆవిడ తన పుల్లలతో ఒక మంచి చేపముక్క, ముల్లు తీసి, నా గిన్నెలో పెట్టింది. ఆ పుల్లలు అంతకుముందే ఆవిడ నోట్లోంచి వచ్చాయి. నేను అలాగే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వెన్నెల్లో మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పెద్ద పళ్లెంలో పప్పన్నం కలిపి, వరసగా అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది. ఆ చెయ్యి మాకెప్పుడూ అనుమానం కాలేదు. నేను ఆ చేపముక్క తిన్నాను.

అలాగని ఎవరు పెట్టినా తినమని నేను చెప్పను. ఎంగిలి గురించి మనకున్న పట్టింపు ఆరోగ్యపరంగా మంచిదే, చైనా వైద్యులూ ఎప్పటినుంచో అదే చెబుతున్నారు. ఊ లియెన్-తే అనే గొప్ప వైద్యుడు ఉండేవారు. ఇప్పటి మలేషియాలోని పెనాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, 1910-11లో ఈశాన్య చైనాలోని మంచూరియా ప్రాంతంలో ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలినప్పుడు గుడ్డ మాస్కులు కట్టించి దాన్ని అదుపు చేసిన మనిషి. ఆయన 1915 ప్రాంతంలో, అందరూ ఒకే గిన్నెలో పుల్లలు ముంచడం మానాలని, బల్ల మధ్యలో తిరిగే పళ్లెం పెట్టి, ప్రతి కూరకీ విడిగా వడ్డించే చెంచా ఉంచాలని సూచించారు. మీరు చైనీస్ హోటళ్లలో చూసే తిరిగే గుండ్రటి బల్ల వెనక ఆ ఆలోచన ఉంది. కోవిడ్ వచ్చిన 2020లో అక్కడి ప్రభుత్వాలు వడ్డన పుల్లలు వాడండని మళ్లీ గట్టిగా ప్రచారం చేశాయి. వాటిని గోంగ్ క్వై అంటారు, అంటే ఉమ్మడి పుల్లలు. చాలా హోటళ్లలో ఇప్పుడు ఒక్కొక్కరికీ రెండు జతలు, రెండు రంగుల్లో పెడతారు. ఒకటి వడ్డించుకోవడానికి, ఒకటి తినడానికి. లేకపోతే అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఎవరో చీటీ పంపారు. "మా అబ్బాయి శాకాహారి, ఏం చేయాలి?" అని. అమ్మా, తనకి ఈ గోంగ్ క్వై తప్పనిసరి. కూర్చోగానే చెప్పాలి, వంటకాలు వచ్చాక కాదు. శాకాహారపు కూరని తన వైపు పెట్టుకుని, దానికి విడిగా ఒక జత ఉంచమని అడగాలి. హాట్‌పాట్‌కి, అంటే బల్ల మీదే మరిగే పులుసులో ఉడికించుకుని తినేచోటికి వెళ్తే, తనకి వేరే కుండ కావాలి. మాంసం తినేవాళ్లకి కూడా ఒక మాట. పచ్చిమాంసం వేసిన పుల్లలతోనే తినకండి. దానికి వేరే జత ఉంచుకోండి. ఈ ఒక్కటి మరిచిపోయి విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన విద్యార్థుల్ని చూశాను.

ఇంకో చీటీ. "ఎడంచేతి వాటం అయితే?" పుల్లలు ఎడమచేత్తో పట్టుకోవచ్చు. బల్ల దగ్గర పక్కవారి మోచెయ్యి తగులుతుంది కాబట్టి చివర సీటు చూసుకుంటే సరి.

చేయకూడనివి కొన్నే. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకండి. చనిపోయినవాళ్లకి పెట్టే అన్నం ముందు అగరొత్తులు అలా నిలబడతాయి. మన పిండం ఎలాగో వాళ్లకి అది అలాంటి దృశ్యం. పుల్లలతో గిన్నె మీద కొట్టకండి, అది బిచ్చగాళ్ల చప్పుడు అంటారు. మనుషుల వైపు చూపించకండి.

చేత్తో అన్నం తినడం గురించి కూడా సూటిగా చెబుతాను. మీ రూములో, మీ వాళ్లతో, పప్పు ఆవకాయ కలుపుకుని చేత్తో హాయిగా తినండి. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. చైనా పడమటి కొసన షిన్‌జియాంగ్ వైపు మాంసం, క్యారెట్లు వేసి పలావు చేస్తారు, దాని పేరే జువాఫాన్, అంటే చేత్తో తీసుకునే అన్నం. ఇన్నర్ మంగోలియాలో ఎముకతో ఉన్న మటన్‌ని చేత్తో పట్టుకునే తింటారు. కాబట్టి చైనాలో చెయ్యి అంటే తెలియనిది కాదు. కానీ క్యాంటీన్‌లో అన్నం చేత్తో కలుపుతుంటే పక్కవాళ్లు ఒకసారి చూస్తారు. ఆ చూపులో తెలియకపోవడమే ఎక్కువ. అడిగితే చెప్పండి. నేను మా రూమ్మేట్‌కి పెరుగన్నం చేత్తో తినడం నేర్పాను. వేలి చివర్లు దాటి అరచేతికి అంటకుండా తినడం తనకి ఎంత కష్టమైందో, నాకు పుల్లలు అంతే కష్టమయ్యాయి.

పట్టుకోవడం ఇప్పుడే చూపిస్తాను, మాటలతో రాదు. కింది పుల్ల కదలదు. బొటనవేలి మొదట్లో ఇరికించి, ఉంగరపు వేలి మీద ఆనించాలి. పై పుల్ల పెన్ను పట్టుకున్నట్టు. కదిలేది అదొక్కటే, చూపుడువేలు, మధ్యవేలుతో. రెండూ కదిలిస్తే ఏదీ నిలవదు. క్యాంటీన్లలో ప్లాస్టిక్ లాంటి నున్నటివి ఉంటాయి, అవి జారతాయి. నేర్చుకోవడానికి చెక్కవో, వెదురువో కొనుక్కోండి. కడిగాక తడి లేకుండా ఆరబెట్టండి, బూజు పడితే పారేయండి.

ఈ బల్ల మీద రెండు పళ్లేలు పెట్టించాను. ఒకదాంట్లో ఉడికించిన వేరుశనగ గింజలు, రెండోది ఖాళీ. అక్కడ భోజనానికి ముందు ఇవి చల్లగా పెడతారు, ఒక్కొక్కటే పుల్లలతో తీసుకుంటారు. పన్నెండు జతలు ఉన్నాయి. ముందు అమ్మలూ నాన్నలూ రండి. మీ చేతిలోంచి గింజ నాలుగుసార్లు జారి కిందపడితే, మీ పిల్లలకి మొదటి రోజు క్యాంటీన్‌లో కాస్త ధైర్యంగా ఉంటుంది. వెనక వరస నుంచి మొదలుపెడదాం.